కండపొడికి పథ్యం

1994 జూన్‌లో కంపెనీ నన్ను రాణిపేట నుంచి వేలూరు హెడ్‌క్వార్టర్స్‌కు మార్చింది. మెడికల్ రిప్రజెంటేటివ్‌గా, అంటే రెప్పుగా, నాకది ఏడో ఏడు. మా భాషలో హెడ్‌క్వార్టర్స్ అంటే రెప్పు కాపురముండే ఊరు. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి చేరగలిగిన ఊరు ఎక్స్-స్టేషన్. లాడ్జిలో పడుకోవలసి వస్తే అది ఔట్‌స్టేషన్. ఆ ప్రకారం నాకు గుడియాత్తం, పొన్నై ఎక్స్-స్టేషన్లు, ఆలంగాయం, జోలార్పేట ఔట్‌స్టేషన్లు. జిల్లాను జనం ఇంకా ఉత్తర ఆర్కాడు అనే పిలిచే రోజులవి.

బదిలీతో పాటు ఒక డబ్బా కూడా నా నెత్తిన పడింది. కండలు పెంచే పొడి. దాని పేరు ఇక్కడ రాయను. ఆ కంపెనీ మూతపడి చాలాకాలమైంది కాబట్టి రాసినా అడిగేవాడు లేడు. కానీ పేరు రాస్తే తప్పంతా ఆ ఒక్క డబ్బాదే అనుకుని మీరు ఊరట పడతారు. అది నాకిష్టం లేదు.

విదేశీ కంపెనీలతో పొత్తులు, తళతళలాడే డబ్బాలు అప్పుడప్పుడే దిగుతున్నాయి. వీధివీధికీ కేబుల్ తీగలు లాగారు. వాటిలో తెల్లవాళ్ల కుస్తీలు, సినిమాల్లో చొక్కా విప్పిన హీరోలు. అప్పటిదాకా వ్యాయామశాలంటే ఆంజనేయుడి పటం, నాలుగు సిమెంటు బరువులు. ఏడాది తిరిగేసరికి వాటి బోర్డులన్నీ ‘జిమ్’ అయిపోయాయి. మా కంపెనీ వాళ్ల కన్ను ఆ బోర్డుల మీద పడింది.

మద్రాసులో నాలుగు రోజులు ట్రైనింగు ఇచ్చారు. డబ్బాలో ఏముందో మొదటిరోజే చెప్పారు. పాలపొడి, సోయా పిండి, చక్కెర, కొంచెం కోకో, పైన చిటికెడు విటమిన్లు. మిగతా మూడు రోజులూ ఆ సంగతి ఎలా మరిచిపోవాలో నేర్పారు. డబ్బా మీద ఉన్నది ఆహార లైసెన్సు, అంటే చట్టానికి అది తిండి. అమ్మేది మాత్రం మందుల షాపులో, మందుల సంచీ పట్టుకున్న రెప్పు చేత. “తిండి అనే మాట మీ నోట రాకూడదు. తిండి అయితే అంగట్లో బియ్యం పక్కన పెడతారు” అన్నాడు ప్రొడక్ట్ మేనేజరు. నేను చెయ్యెత్తి, అప్పుడే వ్యాయామం మొదలుపెట్టిన కుర్రవాడికి ఈ పొడి నిజంగా అవసరమా అని అడిగాను. ఆయన నవ్వి, అవసరం సంగతి చూడడానికి మనకు వేరే డిపార్టుమెంటు లేదన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నన్ను ఏరికోరి వేలూరు వెయ్యడానికి కారణం నా తెలుగు. ఆ చుట్టుపక్కల ఇళ్లు కట్టే పనిలో ఉన్నవాళ్లు చాలామంది తెలుగువాళ్లు, తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్లు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, గట్టిగా మాట్లాడితే ఒక్క వాక్యంలో రెండూ. తెలుగు చదవడం మాత్రం వాళ్లలో నూటికి ఒకరికి కూడా రాదు. మా ఇల్లూ అంతే. నేనొక్కణ్ణి చిత్తూరులో మేనమామ దగ్గరుండి తెలుగు బడిలో చదవబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. కూలిపని చేసే కుర్రాళ్ల ఒళ్లు అప్పటికే గట్టిగా ఉంటుంది, కండ కాస్త తేలితే చాలు, పొడి పనిచేసిందని వాళ్లే చెప్పుకుంటారని మా ఏరియా మేనేజరు రంగరాజన్ ఊహ. ఏరియా మేనేజరంటే అయిదారుగురు రెప్పుల మీద పెద్ద. నెలలో కొన్ని రోజులు రెప్పు వెంట తిరిగి పని చూస్తాడు, దానిని జాయింట్ వర్క్ అంటారు. మనిషి మర్యాదస్తుడే. తెల్లచొక్కా నలగకుండా మన మెడ మీద కత్తి పెట్టగలడు.

గుడియాత్తంలో మగ్గాల వీధి చివర కన్నయ్య వాద్యార్ అనే ఆయన వ్యాయామశాల నడిపేవాడు. వాద్యారంటే గురువు. అరవై దాటిన మనిషి, మగ్గం నేసుకుంటూ పొద్దునా సాయంత్రం కుర్రాళ్లకు నేర్పేవాడు. రేకుల షెడ్డు, నూనె డబ్బాల్లో పోత పోసిన సిమెంటు బరువులు, గోడకు ఆనించిన కర్లాకట్టెలు. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. కొత్తగా చేరినవాడు మూడు నెలలు బరువు ముట్టకూడదు. దండీలు, బస్కీలు, అంతే.

నేను విజువల్ ఎయిడ్ తెరిచాను. అంటే బొమ్మల అట్టల పుస్తకం, మాటలు చిలకలా వప్పజెబుతూ ఒక్కొక్క అట్టా తిప్పాలి. దానినే డిటైలింగ్ అంటారు. రెండో అట్ట దగ్గరే వాద్యార్ నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

“ఉండప్పా. కొత్తగా వచ్చినోనికి ఈ పొడి ఎందుకు? వాని ఒళ్లు ఇంకా బరువెత్తేదే నేర్చుకోలే. మూణ్నెల్లు దండీలు తీయల్ల. కడుపుకు సంగటి, నానేసిన చెనక్కాయలు, దొరికిన దినం గుడ్డు. దీనికే కండ వస్తాది. రాకపోతే నువ్వు రా, నా దుడ్డుతో నేనే నీ డబ్బా కొనిస్తా.”

నేను చదువుకున్నది బి.ఎస్సీ. ఆయన చెప్పినదానిలో ఒక్క తప్పు లేదని నాకు తెలుసు. డబ్బాలో ఉన్న మాంసకృత్తులు చెనక్కాయల్లో, అంటే వేరుశనగల్లోనూ ఉన్నాయి, గుడ్డులోనూ ఉన్నాయి. కొత్తగా కసరత్తు మొదలుపెట్టినవాడి ఒళ్లు మామూలు తిండికే చక్కగా అందుకుంటుంది. ఆ రోజు డైలీ రిపోర్టులో ఏం రాశానో కూడా గుర్తుంది: “పాతకాలపు అపోహలు, మార్గాంతరం చూడాలి.” రిపోర్టంటే రోజూ ఎవరిని కలిశామో, ఏమన్నారో రాసి మేనేజరుకు పంపే కాగితం. మార్గాంతరం ఏమంటే, వ్యాయామశాలకు ఎదురుగా ఉన్న మందుల షాపులో కండల మనిషి బొమ్మ అతికించాను. కుర్రాళ్లు చెమటతో బయటికి రాగానే కళ్లకు అదే కనబడాలి.

అక్కడే గజేంద్ర నన్ను పట్టుకున్నాడు.

ఇరవై మూడేళ్లవాడు. తండ్రి మేస్త్రి. వీడు పది పాసై, తండ్రి కిందనే ఇటుకలు మోస్తూ సున్నం కలుపుతూ ఉండేవాడు. పోలీసు కానిస్టేబులు ఉద్యోగం కావాలి వాడికి. అంతకు ముందటి సెలక్షన్‌లో వేలూరు మైదానంలో పరుగు గెలిచాడు, తాడు ఎక్కాడు, ఎత్తు సరిపోయింది. ఛాతీ దగ్గర ఒక్క సెంటీమీటరు తక్కువై వెనక్కి పంపేశారు. ఛాతీని టేపుతో రెండుసార్లు కొలుస్తారు, మామూలుగా ఒకసారి, ఊపిరి నిండా పీల్చాక ఒకసారి. వీడు ఊపిరి బాగానే పట్టాడు, మొదటి కొలతే చాలలేదు. రాబోయే సెలక్షన్‌కు వయసు సరిపోతుంది. దాని తరువాతిదానికి దాటిపోతుంది. అంటే మిగిలింది ఒక్క అవకాశం. అందుకే వాద్యార్ దగ్గర చేరి అప్పటికి నెల రోజులు.

“సార్, ఇది తాగితే రొమ్ము కొలత పెరుగుతాదా సార్? ఒక్క సెంటీమీటరే సార్ నాకు కావాల్సింది” అన్నాడు.

ఎందుకు పెరగదు, తప్పకుండా పెరుగుతుందన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాటలో అబద్ధం లేదు కూడా. ఆ వయసులో, వాద్యార్ చెప్పినట్టు తిని దండీలు తీస్తే మూడు నాలుగు నెలల్లో ఆ సెంటీమీటరు దానంతటదే వచ్చేది. డబ్బా తాగినా వచ్చేది, తాగకపోయినా వచ్చేది. మా వ్యాపారమంతా ఈ ‘తాగినా’ అనే మాట మీద నిలబడి ఉంది.

డబ్బా ఖరీదు వాడి మూడు రోజుల కూలి. ఇంట్లో కూలి డబ్బులు వాళ్లమ్మ చేతిలో ఉంటాయి కాబట్టి అమ్మతో ఒక మాట చెప్పమని నన్ను ఇంటికి పిలుచుకుపోయాడు. ఊరి చివర ఇటుకల ఇల్లు, గోడలకు ఇంకా పూత పడలేదు. వాళ్లమ్మ మునెమ్మ. ఆమె కూడా పనికి పోతుంది, తలమీద సిమెంటు చట్టి మోసే పని. అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నా టై, సంచీ చూసి గబగబా చెయ్యి తుడుచుకుని బల్ల వాల్చింది. డబ్బాను రెండు చేతులతో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. దాని మీద ఉన్నదంతా ఇంగ్లీషు.

“డాక్టర్లకంతా మందు చెప్పేది మీరే అంటనే నాయనా?”

“అవునమ్మా.”

“వీనికి పొద్దుగూకులూ ఇదే యోచన. నిద్దర్లో గూడా టేపు టేపు అంటాడు. సరి, ఇప్పిస్తాం. పథ్యం ఏమన్నా ఉండాదా నాయనా దీనికి?”

ఇక్కడ కాస్త ఆగి పథ్యం గురించి చెప్పాలి. డాక్టరు చీటీ రాస్తే మందు, కానీ పథ్యం చెబితేనే అది గట్టి మందు. ఇది ఆ ఇళ్లలో పెద్దలందరి నమ్మకం. మా అమ్మా అంతే. మాత్ర మింగిన రోజు మజ్జిగ దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. మామూలు పథ్యమంటే చెనక్కాయలు వద్దు, గుడ్డు వద్దు, పాలు వద్దు, మాంసం వద్దు, కరువాడు, అంటే ఎండుచేప, వద్దు, వంకాయ వద్దు, సంగటి బరువు కాబట్టి అదీ వద్దు. తినాల్సింది బియ్యం గంజి, మిరియాల చారు, సుట్టుప్పు, అంటే కాల్చిన ఉప్పు. మందు ఎంత పెద్దదైతే పథ్యం అంత కఠినం. పథ్యం లేదని చెప్పిన డాక్టరు దగ్గరికి రెండోసారి పోని ఇళ్లు నాకు తెలుసు. ఏడేళ్ల అనుభవంలో ఈ కిటుకు నేనెప్పుడో కనిపెట్టాను.

ఆమె అడిగిన క్షణంలో నా బుర్రలో తిరిగినవి చెబుతాను. పథ్యమేమీ వద్దు, అన్నీ తినొచ్చు అంటే డబ్బా బరువు తగ్గిపోతుంది. ఇది పాలపొడి లాంటిదే కదా అనుకుని బల్ల మీద పెట్టేస్తుంది. ఏదో ఒకటి వద్దనాలి. ఏది వద్దనాలో వెతుక్కోవడానికి బద్ధకం, అయిదున్నర బస్సు తప్పిపోతుందని తొందర.

“మామూలు పథ్యమే అమ్మా” అన్నాను.

ఆమెకు నమ్మకం కుదిరింది. డబ్బా తీసుకుపోయి దేవుడి పటాల దగ్గర పెట్టింది. నేను బస్సు అందుకున్నాను. కిటికీ పక్కన సీటు దొరికిందని సంబరపడ్డాను కూడా.

జూలై, ఆగస్టుల్లో గజేంద్ర నెలకు రెండేసి డబ్బాలు కొన్నాడు. వాణ్ణి చూసి ఇంకో అయిదారుగురు కొన్నారు. రంగరాజన్ నా పేరు మీటింగులో చదివి చప్పట్లు కొట్టించాడు. సెప్టెంబరులో గజేంద్రను మందుల షాపు ముందు చూశాను. బుగ్గలు లోపలికి పోయాయి. మెడ కింద ఎముకలు తేలాయి. ఒంట్లో ఎలా ఉందిరా అంటే, మందు లోపల పనిచేస్తా ఉండాది సార్, అప్పుడప్పుడు కండ్లు తిరుగుతాయి, అంతే అన్నాడు. నేను రంగరాజన్‌తో చెప్పాను. కొవ్వు కరిగి కండ తేలే ముందు అలాగే ఉంటుందని ఆయన అన్నాడు. ఇటుకలు మోసేవాడి ఒంట్లో కరగడానికి కొవ్వెక్కడిదని నేను అడగలేదు. వినడానికి బాగున్న మాటను ఎందుకు కెలకడమని ఊరుకున్నాను.

అదే నెల చివర్లో బస్టాండులో కన్నయ్య వాద్యార్ ఎదురొచ్చాడు. నన్ను చూడగానే ఆయన గొంతు లేచింది.

“ఏమప్పా రెప్పూ, నీకు బిడ్డలు ఉండారా? ఆ గజేంద్రుడు పది దండీలకే బోర్లా పడతా ఉండాడు. ముందు నూరు తీసేవాడు! అడిగితే పథ్యమంట. సంగటి లేదు, గుడ్డు లేదు, చెనక్కాయ నోట్లో వేసుకునేది లేదు. పొద్దున గంజి, మజ్జానం చారన్నం, రెండుపూట్లా నీ పొడి నీళ్లలో కలిపి. పాలు గూడా వొద్దన్నారంట. పిండికి పథ్యం పెట్టింది ఎవురప్పా? నీకు తల ఉండాదా, యాడన్నా మరిచి వచ్చినావా?”

నేను అన్న మాట ఆ ఇంట్లో ఏమై కూర్చుందో అప్పుడు తెలిసింది. పొద్దంతా ఇటుకలు మోసి, సాయంత్రం కసరత్తు చేసేవాడు మూడు నెలలుగా జ్వరం తగిలినవాడి తిండి తింటున్నాడు. వాద్యారే, మీరే చెప్పకూడదా వాళ్లకు అన్నాను.

“చెప్పలేదనుకుంటివా? ఆయమ్మ కాళ్లు పట్టుకునేది ఒక్కటే తక్కువ. డాక్టర్లకు చెప్పే సారే చెప్పినాడు, నీకేం తెలుసు వాద్యారే అంటాది. న్యాయమే కదా. నేను మగ్గం నేసేవాణ్ణి. నువ్వే వచ్చి చెప్పల్ల. ఒక్క మాట. సెలక్షన్‌కు ఇంకా ఆరు వారాలు ఉండాది, ఇప్పుడు తిన్నా అందుకుంటాడు. రా, ఇప్పుడే పోదాం.”

నెలాఖరు. మా ఉద్యోగంలో నెలాఖరంటే క్లోజింగ్. స్టాకిస్టు దగ్గర, అంటే టోకు వ్యాపారి దగ్గర, మిగిలిన సరుకును ఎలాగో షాపులకు తోసి టార్గెట్ చూపించాలి. వచ్చే వారం తప్పకుండా వస్తానని వాద్యార్‌కు మాటిచ్చాను. ఆయన మగ్గాల వీధి వైపు వెళ్లిపోయాడు.

క్లోజింగ్ ఒక సాకు. ఇన్నేళ్లకు అది రాయడానికి నాకేమీ సిగ్గు లేదు. ఆ ఇంటికి పోయి పథ్యం అక్కర్లేదమ్మా అనాలంటే, ముందు ఎందుకన్నావు నాయనా అని ఆమె అడుగుతుంది. నేను అబద్ధమాడానని ఒప్పుకోవాలి. ఆ మాట సాయంత్రానికి వ్యాయామశాలకు చేరుతుంది, మర్నాటికి డబ్బాలన్నీ షాపుకు తిరిగొస్తాయి. ఉద్యోగం పోతుందన్న భయం కూడా కాదు. మీటింగులో కొట్టిన ఆ చప్పట్లు పోతాయని.

తరువాతి వారం గుడియాత్తం పోయాను, ఆ వీధికి పోలేదు. ఆ పై వారం షాపు దగ్గర గజేంద్ర కనిపిస్తే, కాస్త బాగా తినరా, అంత పథ్యం అక్కర్లేదులే అని నసిగాను. వాడు నవ్వాడు. “ఇంత దూరం వచ్చి ఇప్పుడు విడుస్తానా సార్? సెలక్షన్ అయ్యేదాకా తప్పను. మా అమ్మ గూడా నాతోపాటు గంజే తాగుతా ఉండాది” అన్నాడు. పథ్యం ఎంత గట్టిగా పట్టాడో చూసి నేను మెచ్చుకోవాలని వాడి ఆశ. నేను భుజం తట్టి వచ్చేశాను. రోడ్డు మీద నిలబెట్టి, ఒరే, నేను చెప్పింది తప్పు, ఇంటికి పోయి ఇప్పుడే సంగటి తిను అని అరచి ఉండవచ్చు. ఆ పని చెయ్యడానికి అర నిమిషం చాలు.

నవంబరులో వేలూరులో సెలక్షన్ జరిగింది. నేను మైదానం గేటు దగ్గరున్నాను. వాడి మీద ప్రేమతో పోయాననుకోకండి. రంగరాజన్ పంపాడు. డబ్బా తాగి పోలీసైన తెలుగు మేస్త్రి కొడుకు ఫోటో వచ్చే ఏడాది విజువల్ ఎయిడ్‌లో మొదటి అట్ట కావాలన్నాడు. పక్కనే ఫోటోగ్రాఫర్ కూడా ఉన్నాడు.

ఈసారి పరుగుకు ముందే, గేటు పక్కనే కొలతలు తీస్తున్నారు. చొక్కాలు విప్పి వరుసలో నిలబడతారు. ఒక హెడ్ కానిస్టేబులు టేపు చుట్టి అంకె గట్టిగా చెబితే, బల్ల దగ్గర కూర్చున్నవాడు రాసుకుంటాడు. గజేంద్ర వంతు వచ్చింది. టేపు చుట్టి, అంకె చూసి, హెడ్ కానిస్టేబులు మళ్లీ చుట్టాడు. పోయినసారి వాడికి తక్కువైంది ఒక్క సెంటీమీటరు. ఇప్పుడు నాలుగు. ఊపిరి పీల్చమన్నారు. పీల్చబోయి వాడు తూలి ముందుకు పడ్డాడు. ఇద్దరు పట్టుకుని పక్కన కూర్చోబెట్టారు. పరుగు దాకా కూడా రానివ్వలేదు.

చొక్కా చేతిలో పట్టుకుని బయటికొచ్చాడు. ఫోటోగ్రాఫర్‌ను చూసి తల దించుకున్నాడు.

“ఫోటో వొద్దు సార్. మీ పేరు చెడగొట్టినాను” అన్నాడు.

వాణ్ణి హోటలుకు తీసుకుపోయి అన్నం పెట్టించాలని కూడా నాకు తోచలేదు. పోతూ ఉంటే చూస్తూ నిలబడ్డాను. ఫోటోగ్రాఫర్, ఇంకెవరినైనా తియ్యాలా సార్ అని అడిగాడు.

మర్నాడు రంగరాజన్ జాయింట్ వర్క్‌కు వచ్చాడు. ఈ సంగతి ఊళ్లో పాకితే డబ్బాకు దెబ్బ కాబట్టి ముందుగా ఇంటివాళ్లను చల్లబరచాలన్నాడు. సరే, ఇప్పుడైనా నిజం చెప్పేస్తానని నాలో నేను గట్టిగా అనుకున్నాను. తిట్లకు, అవసరమైతే దెబ్బలకు కూడా సిద్ధపడే పోయాను. గజేంద్ర ఇంట్లో లేడు, పొద్దున్నే తండ్రితో పనికి పోయాడట. మునెమ్మ మమ్మల్ని చూసి బల్ల వాల్చింది. ఆమె కూడా సగమైపోయింది. నేను నోరు తెరిచేలోపే ఆమె ఏడ్చేసింది.

“మీరు అలుక్కోబాకండి నాయనా. మీ మందులో తప్పు లేదు. నేనే చెడగొట్టినాను. మొన్న శనివారం వాడు నీళ్ల బిందె ఎత్తలేక కూలబడిపోతే నా మనసు ఒప్పలే. వాద్యార్ గూడా అన్నాడే అని, ఒక్క గుడ్డు ఉడకేసి పెట్టినాను. వొద్దమ్మా పథ్యం అన్నాడు బిడ్డ. ఒక్కటే కదరా అని నేనే నోట్లో పెట్టినాను. నాలుగు నెల్లు కాపాడుకున్న పథ్యం, నాలుగు దినాల్లో సెలక్షన్ పెట్టుకుని విరిచేస్తిని. వాని బతుకు నా చేతులతో నేనే తీసేస్తినే నాయనా!”

ఆ నాలుగు నెలల్లో ఆ ఇంట్లో జరిగిన మంచిపని ఆ గుడ్డు ఒక్కటే. అది చెప్పాలి. అంతే, ఆ ఒక్కటే చెప్పాలి. నా నోరు పెగిలేలోపు రంగరాజన్ తమిళంలో, నెమ్మదిగా, ఓదార్పుగా అన్నాడు. అవునమ్మా, పథ్యం విరిగితే ఎంత మంచి మందైనా ఏం చేస్తుంది, మీరు తెలిసి చేశారా, బాధపడకండి. ఆమె చేతులు జోడించింది. ఆయన లేచాడు. నేను ఆయన వెనకే లేచాను. సంచీ నా చేతిలోనే ఉంది. వీధిలోకి వచ్చాక ఆయన, సమస్య తీరిపోయింది చూశావా అన్నాడు. నేను బుర్ర ఊపాను. మనిషినన్న పేరుకు ఆ రోజు నేను తగను. దానికి మెత్తటి మాట వెతకడం నాకిష్టం లేదు.

రెండేళ్లకు నేనే ఏరియా మేనేజరునయ్యాను. ఆ తరువాత ఏడాది ఆ డబ్బాను కంపెనీ ఆపేసింది, జనానికి మంచిది కాదని కాదు, అంతకంటే పెద్ద డబ్బాలు దిగాయని. అప్పుడు గుడియాత్తం పోయి ఆ ఇంటి తలుపు తట్టాను. వేరేవాళ్లున్నారు. వ్యాయామశాలకు పోతే కన్నయ్య వాద్యార్ లోపలికి రమ్మనలేదు, గడప దగ్గరే నిలబడి మాట్లాడాడు. కుటుంబం మొత్తం బెంగుళూరు వైపు కట్టుబడి పనులకు పోయిందట. యాడ ఉండారో ఎవురికీ తెలీదన్నాడు. “ఆయమ్మ ఊరు విడిచి పొయ్యేదాకా ఆ గుడ్డు మాటే చెప్పి చెప్పి ఏడుస్తా ఉండె. అది కాదమ్మా అని నేను నూరుమార్లు చెప్పినాను. నా మాట నమ్మలే. నీ మాటైతే నమ్మి ఉంటాది” అన్నాడు. లోపలికి పోయి కుర్రాళ్లకు దండీల లెక్క చెప్పడం మొదలుపెట్టాడు.

మేనేజరుగా నా కింద చేరిన రెప్పులందరికీ ఒక నియమం పెట్టాను. డబ్బా మీద అచ్చు వెయ్యని మాట నోటితో చెప్పకూడదని. దాన్ని నిజంగా పాటించింది ఇద్దరు. వాళ్ల అమ్మకాలు పడిపోయాయి. టార్గెట్ అందనందుకు వాళ్లిద్దరినీ తీసేసిన కాగితాల మీద సంతకం నాదే.

నేను మందుల కంపెనీలో పనిచేశానని తెలిసినవాళ్లు, తమ పిల్లలు జిమ్‌లో చేరారని, పొడి ఏదైనా మొదలుపెట్టమంటారా అని ఇప్పటికీ అడుగుతుంటారు. కొత్తగా మొదలుపెట్టిన ఆరోగ్యవంతుడికి అక్కర్లేదు. మూడు పూటలా ఇంట్లో వండింది కడుపునిండా తినాలి, గుడ్డో పప్పో చెనక్కాయలో కలుపుకోవాలి, నిద్రపోవాలి, తొందరపడకుండా బరువు పెంచుకోవాలి. ఇది రహస్యమేమీ కాదు. మగ్గం నేసే వాద్యార్‌కు తెలుసు, మద్రాసులో నవ్విన ప్రొడక్ట్ మేనేజరుకు తెలుసు, రంగరాజన్‌కు తెలుసు, నాకు తెలుసు. తెలియనిది మునెమ్మకు. ఆమె సిగ్గుపడకుండా, సరైన ప్రశ్న, సరైన సమయంలో అడిగింది. అడిగింది నన్ను.